హైస్కూల్ ఆటల్లో అర్హత: అమెరికాలోని తెలుగు తల్లిదండ్రుల అపోహలు - వాస్తవాలు

అమెరికా హైస్కూల్లో పిల్లలు వార్సిటీ (స్కూలు ప్రధాన జట్టు) మ్యాచ్‌లో దిగాలంటే కోచ్ ఎంపిక చేసుకుంటే సరిపోదు. వయసు, మార్కులు, ఇంటి అడ్రసు, సెమిస్టర్ల లెక్క, వైద్య పరీక్ష, ఆట మీద డబ్బు తీసుకోకపోవడం, ఇవన్నీ కుదరాలి. ఒక్కటి తప్పినా ఆ ఒక్కరితో పోదు. అర్హత లేని ఆటగాడు దిగాడని తేలితే గెలిచిన మ్యాచ్‌లు కూడా జట్టు ఓడినట్టు రాస్తారు. మన కుటుంబాల్లో ఈ నిబంధనలు ఎక్కువగా అడ్డం తిరిగేది రెండు సందర్భాల్లో: ఇల్లు మారినప్పుడు, ఇండియా నుంచి కొత్తగా వచ్చినప్పుడు. రెండింట్లోనూ లీజు మీద సంతకం పెట్టాకో, విమానం దిగాకో అడుగుతాం. అడగాల్సింది అంతకు ముందు.

అపోహ: రూల్స్ దేశమంతా ఒకటే. టెక్సస్‌లోని డల్లాస్‌లో చెల్లింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనూ చెల్లుతుంది.

వాస్తవం: ఇండియానాపొలిస్‌లో ఉన్న ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే జాతీయ సమాఖ్య ఆట ఎలా ఆడాలో రాస్తుంది. ఎవరు ఆడొచ్చో రాసేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర సంఘం: టెక్సస్‌లో యూఐఎల్, కాలిఫోర్నియాలో సీఐఎఫ్, న్యూజెర్సీలో ఎన్‌జేఎస్‌ఐఏఏ, జార్జియాలో జీహెచ్‌ఎస్‌ఏ. కాలిఫోర్నియాలో సీఐఎఫ్ కింద పది సెక్షన్లున్నాయి, వాటికీ సొంత నిబంధనలుంటాయి.

తేడా ఎంతో వయసు రూల్ ఒక్కటి చూస్తే తెలుస్తుంది. జులై 10న 19 నిండి, ఆగస్టులో 12వ గ్రేడ్ మొదలుపెట్టే అబ్బాయిని తీసుకోండి. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి 19 నిండి ఉండకూడదు, కాబట్టి అతను ఆడలేడు. కాలిఫోర్నియాలో జూన్ 14లోపు 19 నిండితేనే ఆ తర్వాతి విద్యా సంవత్సరం పోతుంది, కాబట్టి ఆడొచ్చు. జార్జియాలో గీత మే 1. అక్కడా ఆడొచ్చు. అదే అబ్బాయి, అదే పుట్టినరోజు.

పుట్టిన తేదీ అన్నాం కాబట్టి ఇంకొక మాట. ఊళ్లో బడిలో వేసిన తేదీ ఒకటి, బర్త్ సర్టిఫికెట్‌లో తేదీ ఇంకొకటి ఉండటం మనకు కొత్త కాదు. ఇక్కడ పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, పాత స్కూలు టీసీ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా ఉంటే సీజన్ మధ్యలో బయటపడేదాకా ఆగకండి. అడ్మిషన్ రోజే లిఖితపూర్వకంగా చెప్పి సరిచేయించుకోండి.

అపోహ: జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.8 ఉంది. మార్కుల గురించి మనకు దిగులు లేదు.

వాస్తవం: టెక్సస్‌లో జీపీఏ లెక్కలోకే రాదు. అక్కడి ‘నో పాస్ నో ప్లే’ చట్టం 1984 నాటిది. గ్రేడింగ్ పీరియడ్ (మార్కులు లెక్కవేసే కొన్ని వారాల వ్యవధి) ముగిసేసరికి ఏ ఒక్క సబ్జెక్టులో 70కి తగ్గినా మూడు వారాలు పోటీకి దూరం. మిగతా ఆరింటిలో 98 వచ్చినా ఆ 68ని కాపాడవు. ఇది ఒక్క ఆటలకే కాదు, యూఐఎల్ కింద జరిగే బ్యాండ్, డిబేట్ పోటీలకూ వర్తిస్తుంది.

గడియారం ఇలా నడుస్తుంది. పీరియడ్ ముగిశాక ఏడు క్యాలెండర్ రోజుల గడువుంటుంది, ఆ ఏడు రోజులూ ఆడొచ్చు. తర్వాత అనర్హత మొదలవుతుంది. మూడు వారాల తర్వాత మళ్లీ చూస్తారు. అప్పుడు ఫెయిలైన సబ్జెక్టు ఒక్కటే పాసైతే చాలదు, అన్నింటిలోనూ 70 ఉండాలి. ఉంటే ఇంకో ఏడు రోజులాగి తిరిగి దిగొచ్చు. ఈలోపు ప్రాక్టీసుకు వెళ్లొచ్చు, మ్యాచ్‌కు కూడదు. చాలామంది చిక్కుకునేది ‘ఇన్‌కంప్లీట్’ దగ్గర: ప్రాజెక్టు ఇవ్వలేదని టీచర్ మార్కు బదులు ‘ఐ’ వేస్తే, ఏడు రోజుల్లో దాన్ని మార్కుగా మార్పించుకోకపోతే అదీ అనర్హతే. పండక్కో పెళ్లికో వారం ఇండియా వెళ్లొచ్చిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ.

దీనికి భయపడి కష్టమైన కోర్సులు మానిపించకండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఐబీ, డ్యూయల్ క్రెడిట్ లాంటి అడ్వాన్స్‌డ్ కోర్సులకు ఈ 70 రూల్ నుంచి మినహాయింపు ఉంది. ఏ కోర్సు మినహాయింపులోకి వస్తుందో కౌన్సెలర్ దగ్గర జాబితా ఉంటుంది, అందులో పేరు కనబడితేనే నమ్మండి.

మిగతా రాష్ట్రాల లెక్క వేరు. కాలిఫోర్నియాలో 2.0 జీపీఏతో పాటు కనీసం 20 సెమిస్టర్ యూనిట్లు పాసై ఉండాలి. న్యూజెర్సీలో రెండో ఏడాది నుంచి, సెప్టెంబర్-జనవరి మధ్య ఆడాలంటే కిందటి విద్యా సంవత్సరంలో 30 క్రెడిట్లు సంపాదించి ఉండాలి. ఫ్లోరిడాలో 2.0 కావాలి, అది కూడా వెయిటేజీ కలపని జీపీఏ. ఆనర్స్ కోర్సుల బోనస్ పాయింట్లతో 2.0 దాటితే చెల్లదు.

అపోహ: తొమ్మిదో తరగతి మళ్లీ చదివిస్తే ఇంకో ఏడాది ఆడొచ్చు.

వాస్తవం: ఇది ఖరీదైన పొరపాటు. చాలా రాష్ట్రాల్లో, మొదటిసారి తొమ్మిదిలో అడుగుపెట్టిన రోజు నుంచి వరుసగా ఎనిమిది సెమిస్టర్లు, లేదా నాలుగేళ్లు. అంతే. మధ్యలో ఆడినా ఆడకపోయినా, గ్రేడ్ రిపీట్ చేసినా ఆ గడియారం ఆగదు. తొమ్మిది రిపీట్ చేసిన పిల్లకు పోయేది పన్నెండో గ్రేడ్ సీజన్, అంటే కాలేజీ కోచ్‌లు చూసే సీజన్.

ఇండియాలో చదివిన తొమ్మిది కూడా తొమ్మిదే. తెలుగు రాష్ట్రాల్లో బడులు జూన్‌లో తెరుస్తారు, సీబీఎస్‌ఈ బడులు చాలావరకు ఏప్రిల్‌లోనే. అక్కడ తొమ్మిదిలో రెండు మూడు నెలలు కూర్చుని, ఆగస్టులో వచ్చి ఇక్కడ మళ్లీ తొమ్మిదిలో చేరితే ఒక సెమిస్టర్ ఖర్చయినట్టు లెక్కపెట్టే అవకాశముంది. కొన్ని రాష్ట్రాల్లో పదిహేను రోజులు నమోదైతే చాలు, సెమిస్టరే. ప్రయాణం ఖాయమై ఉంటే పిల్లను అక్కడ తొమ్మిదిలో చేర్చే ముందే, ఇక్కడ చేరబోయే స్కూలు అథ్లెటిక్ డైరెక్టర్‌కు ఈమెయిల్ పెట్టి అడగండి. టీసీలో చేరిన తేదీ, మానేసిన తేదీ స్పష్టంగా రాయించుకోండి.

అక్కడ పెళ్లి చూసుకుని సెలవులయ్యాక వచ్చేవాళ్లకు టెక్సస్‌లో ఇంకో చిన్న మెలిక: ఆ విద్యా సంవత్సరంలో ఆరో బడిరోజుకల్లా హాజరులో ఉండాలి. లేకపోతే చేరాక 15 క్యాలెండర్ రోజులు ఆగాలి.

అపోహ: మంచి టీమ్ ఉన్న స్కూలు జోన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుంటే అర్హత వచ్చేసినట్టే.

వాస్తవం: కుటుంబం మొత్తం నిజంగా మారాలి. పాత ఇల్లు ఉంచుకుని, కొత్త లీజు పేరుకు తీసుకుని, తండ్రి ఒక చోట, తల్లీ పిల్లలూ ఒక చోట ఉంటే కాలిఫోర్నియాలో అది ‘సరైన నివాస మార్పు’ కాదు. సరైన నివాస మార్పు లేని ట్రాన్స్‌ఫర్‌లో, కిందటి 12 నెలల్లో ఆడిన ఆటలో ఏడాది పాటు వార్సిటీ కుదరదు, జేవీలో (జూనియర్ వార్సిటీ, అంటే రెండో జట్టు) ఆడుకోవచ్చు. మొదటి ట్రాన్స్‌ఫర్ అయితే సీజన్‌లో కొంత భాగం బయట కూర్చుని తర్వాత వార్సిటీలోకి వచ్చే దారీ ఉంది. కిందటి 12 నెలల్లో ఆడని ఆటకు ఈ ఆంక్షే లేదు. అంటే పాత స్కూల్లో టెన్నిస్ ఆడిన పిల్లాడు కొత్త స్కూల్లో క్రాస్ కంట్రీ వార్సిటీకి పరిగెత్తొచ్చు. ఈ సంగతి తెలియక ఆ ఏడాదంతా ఇంట్లో కూర్చోబెట్టేవాళ్లున్నారు.

టెక్సస్ ఇంకా కఠినం. అమ్మానాన్నలిద్దరూ సామాను సర్దుకుని వచ్చినా, మారింది ఆట కోసమేనని యూఐఎల్ జిల్లా కార్యనిర్వాహక కమిటీ (ఒకే గ్రూపులో పోటీపడే స్కూళ్ల ప్రతినిధుల కమిటీ) తేలిస్తే కనీసం ఏడాది వార్సిటీ లేదు. ఇంతకుముందు వేరే స్కూలు తరఫున ఆడిన పిల్లలకు ‘ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం’ నింపాలి. అది పాత స్కూలుకు వెళ్తుంది, ఎందుకు మారారనుకుంటున్నారో పాత కోచ్ అందులో రాస్తాడు. కాబట్టి వెళ్లే ముందు పాత కోచ్‌తో గొడవపడి, ‘అక్కడి టీమ్ బాగుంది, అందుకే పోతున్నాం’ అని వాట్సాప్ గ్రూపులో రాసిన మాట కమిటీ ముందుకు రావచ్చు. నిజంగా ఉద్యోగం వల్ల మారితే ఆఫర్ లెటర్, ఇల్లు అమ్మిన లేదా లీజు ముగిసిన కాగితం, కొత్త ఇంటి కరెంటు, నీళ్ల బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఫ్లోరిడాలో 2016 చట్టం వచ్చాక స్కూలు మారడం చాలా తేలికైంది. అక్కడి బంధువుల అనుభవాన్ని టెక్సస్‌లో నమ్ముకుంటేనే చిక్కు.

అపోహ: పిల్లాడు అమెరికా సిటిజన్. హైదరాబాద్ నుంచి పంపించి బాబాయి ఇంట్లో ఉంచితే చాలు.

వాస్తవం: బడిలో చేరడానికి పౌరసత్వం సమస్య కాదు. ఆటకు అడిగేది మాత్రం తల్లిదండ్రులు ఎక్కడున్నారని. బాబాయి, మేనమామ, పెద్దమ్మ ఎంత దగ్గరవాళ్లైనా నిబంధన దృష్టిలో తల్లిదండ్రులు కారు. టెక్సస్‌లో కోర్టు ద్వారా గార్డియన్‌షిప్ తీసుకున్నా, అది కనీసం ఏడాది నాటిదై ఉండాలి. నోటరీ చేయించిన ఉత్తరం గార్డియన్‌షిప్ కాదు. వేవర్ (నిబంధన నుంచి మినహాయింపు) అడగొచ్చు కానీ అది రావచ్చు, రాకపోవచ్చు. జేవీ దారి చాలాచోట్ల తెరిచే ఉంటుంది, మొదటి ఏడాదికి దాన్నే లెక్కలో పెట్టుకుని పంపడం మేలు.

అపోహ: హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలను విదేశీ విద్యార్థులుగా చూస్తారు.

వాస్తవం: తల్లిదండ్రులతో ఉండే హెచ్-4 పిల్లలకు మామూలు నివాస నిబంధనలే. విదేశీ విద్యార్థి నిబంధనలు ఎఫ్-1 (విద్యార్థి వీసా), జే-1 (మార్పిడి కార్యక్రమాల వీసా) వాళ్లవి. ఎఫ్-1 మీద పబ్లిక్ హైస్కూల్లో మొత్తం 12 నెలలకు మించి చదవలేరు, ఆ చదువు ఖర్చంతా స్కూలు డిస్ట్రిక్టుకు కట్టాలి. జే-1 మార్పిడి విద్యార్థులకు వాళ్ల ప్రోగ్రామ్ సీఎస్‌ఐఈటీ (మార్పిడి ప్రోగ్రాములను పరిశీలించే సంస్థ) జాబితాలో ఉందా అని చాలా రాష్ట్రాలు చూస్తాయి.

హెచ్-4 అడ్డొచ్చేది డబ్బు దగ్గర. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో హైస్కూల్ ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు, స్కూలు యూనిఫాం, లోగో వాడకుండా. క్రీడా సంఘం ఒప్పుకున్నా హెచ్-4కు, ఎఫ్-1కు పని అనుమతి వేరే విషయం. ఒక ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చిన్నదిగా కనబడుతుంది, వీసాకు అది పెద్ద ప్రశ్న. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా సంతకం పెట్టొద్దు.

అపోహ: తెలుగు సంఘం వాళ్ల బ్యాడ్మింటన్ టోర్నమెంట్‌లో గెలిచిన చెక్కు సరదా బహుమతి. దానికీ స్కూలుకూ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. అదే ఆటను స్కూలు తరఫున ఆడుతుంటే నగదు తీసుకోవడం అమెచ్యూర్ హోదాను దెబ్బతీయొచ్చు. చెక్కు తండ్రి పేరు మీద రాయించుకున్నంత మాత్రాన తప్పు కాకుండా పోదు. ట్రోఫీ తీసుకోండి, డబ్బు విషయం ఆడే ముందే నిర్వాహకులతో తేల్చుకోండి.

బయట క్లబ్‌కు ఆడటం ఇంకొక ఉచ్చు. సీఐఎఫ్‌లో, స్కూలు సీజన్ నడుస్తుండగా అదే ఆటను బయటి జట్టు తరఫున ఆడితే అనర్హత వస్తుంది. క్లబ్ సాకర్, క్లబ్ వాలీబాల్ పిల్లలు దీనిలో పడుతుంటారు. టెన్నిస్, ఈత లాంటి వ్యక్తిగత ఆటలకు చాలా రాష్ట్రాలు కొన్ని సడలింపులిస్తాయి, సీజన్ తేదీలతో సహా అడిగి తెలుసుకోండి. క్రికెట్ ఆడే పిల్లలకు ఈ బెడద తక్కువ, ఎందుకంటే అది చాలాచోట్ల స్కూలు ఆటే కాదు. న్యూయార్క్ నగర పబ్లిక్ స్కూళ్లలో మాత్రం 2008 నుంచి ఉంది.

అపోహ: సెలవుల్లో ఇండియాలో ఫుల్ బాడీ చెకప్ చేయించాం. ఫిజికల్ (ఆటకు ముందు చేయించాల్సిన వైద్య పరీక్ష) అయిపోయినట్టే.

వాస్తవం: చెకప్ రిపోర్టు ఎంత లావున్నా చెల్లదు. రాష్ట్రం చెప్పిన ఫారం మీద, ఆ రాష్ట్రం ఒప్పుకునే లైసెన్సున్న వైద్యుడో, ఫిజీషియన్ అసిస్టెంటో, నర్స్ ప్రాక్టీషనరో సంతకం చేయాలి. కాలిఫోర్నియాలో ఏటా కావాలి. ఫ్లోరిడా ఫారం 365 రోజులు చెల్లుతుంది, అది సీజన్ మధ్యలో ముగిసినా ఆ రోజు నుంచే ఆట ఆగుతుంది. యూఐఎల్ హైస్కూల్లో మొదటి, మూడో ఏడాది ఫిజికల్ అడుగుతుంది, ఆరోగ్య చరిత్ర ఫారం మాత్రం ఏటా. చాలా డిస్ట్రిక్టులు ఫిజికల్‌నూ ఏటా అడుగుతాయి.

ఆ ఆరోగ్య చరిత్ర ఫారం దగ్గర దయచేసి కాసేపు కూర్చోండి. కుటుంబంలో చిన్న వయసులో గుండె జబ్బుతోనో, కారణం తెలియకుండానో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా అని అందులో ఉంటుంది. ‘పిల్లను ఆడనివ్వరేమో’ అని మన ఇళ్లలో దీనికి ‘లేదు’ అని టిక్ పెట్టేస్తారు. ముప్పైల్లో నిద్రలోనే పోయిన మేనమామ సంగతి ఆ డాక్టర్‌కు తెలియాల్సిందే. ‘ఉంది’ అని రాస్తే సాధారణంగా జరిగేది ఈసీజీ, అవసరమైతే ఎకో, ఆ తర్వాత అనుమతి. టెక్సస్‌లో 2019 చట్టం ప్రకారం ఈసీజీ చేయించుకునే హక్కు గురించి ఫారంలోనే రాసి ఉంటుంది. పరిగెడుతుంటే కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి లాంటివి దాచకుండా పిల్లలతోనే చెప్పించండి. వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

అపోహ: స్కూల్లో ఆడటానికి అర్హత ఉందంటే కాలేజీలోనూ ఉన్నట్టే.

వాస్తవం: ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంఘం) లెక్క పూర్తిగా వేరు. కాలేజీ ఆటల్లో పై స్థాయిలైన డివిజన్ 1, 2లకు 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ ఒప్పుకునే ప్రధాన సబ్జెక్టుల కోర్సులు) కావాలి. వాటి జీపీఏ డివిజన్ 1కు 2.3, డివిజన్ 2కు 2.2. ఎస్ఏటీ, ఏసీటీ స్కోర్ల నిబంధనను 2023లో తీసేశారు. డివిజన్ 1కు ఏడో సెమిస్టర్ మొదలయ్యేలోపు పది కోర్ కోర్సులు పూర్తవ్వాలి, వాటిలో ఏడు ఇంగ్లిష్, గణితం, సైన్సులవై ఉండాలి. ఆ పదింటి మార్కులు అక్కడితో బిగిసిపోతాయి, తర్వాత మళ్లీ చదివి పెంచుకోలేరు. ఏ కోర్సులు కోర్ కిందికి వస్తాయో స్కూలువారీగా ఎన్‌సీఏఏ దగ్గర జాబితా ఉంటుంది. వేసవిలో ఆన్‌లైన్‌లో తొందరగా ముగించే కోర్సులు అందులో ఉండకపోవచ్చు. ఇండియాలో తొమ్మిది, పది చదివినవాళ్లు ఆ మార్కుల షీట్ల అసలు ప్రతులు జాగ్రత్తగా ఉంచుకోవాలి, ఎన్‌సీఏఏ తొమ్మిది నుంచే చూస్తుంది.

అపోహ: కోచ్ ‘ఏం పర్లేదు’ అన్నాడు కదా.

వాస్తవం: కోచ్ మాట అసోసియేషన్‌ను కట్టిపడేయదు. అర్హతకు స్కూలు తరఫున జవాబు చెప్పేది ప్రిన్సిపాల్, ఆయన తరఫున పని చూసేది అథ్లెటిక్ డైరెక్టర్. ఈమెయిల్ అథ్లెటిక్ డైరెక్టర్‌కే రాయండి. పుట్టిన తేదీ, తొమ్మిదిలో మొదట చేరిన తేదీ, ఇప్పటిదాకా చదివిన స్కూళ్లు, కిందటి 12 నెలల్లో ఆడిన ఆటలు, ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, ఈ ఐదూ ఒకే ఉత్తరంలో ఉంచి, ‘వార్సిటీకి అర్హత ఉందా?’ అని సూటిగా అడగండి. లేదంటే ఏ నిబంధన ప్రకారమో, అప్పీలుకు ఎన్ని రోజుల గడువో రాయమనండి. అప్పీలు తేలేదాకా మ్యాచ్‌లో దించొద్దు. ప్రాక్టీసుకు వెళ్లొచ్చో లేదో కూడా అదే ఉత్తరంలో అడిగి ఉంచండి.