ఫిట్స్ వస్తే నర్సు ముందు టైము ఎందుకు చూస్తుంది?

వార్డులో ఎవరికైనా ఫిట్స్ మొదలైతే చుట్టూ ఉన్నవాళ్లంతా కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోబోతారు. అనుభవమున్న నర్సు ముందు గడియారం వైపు చూస్తుంది. చూసేవాళ్లకు అది నిర్లక్ష్యంలా అనిపించవచ్చు గానీ, తర్వాతి వైద్యమంతా ఆ టైము మీదే నడుస్తుంది.

ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఆపే ఏర్పాటు మెదడులోనే ఉంది. నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనానికి అందులో పెద్ద పాత్ర. ఫిట్స్ ఎంతకీ ఆగకపోతే, గాబాను అందుకునే గ్రాహకాలు కణం పైపొర నుంచి లోపలికి జారిపోతుంటాయి. ఫిట్స్ ఆపడానికి ఇచ్చే లోరాజెపామ్, మిడజోలామ్ అనే మందులు పనిచేసేది ఆ గ్రాహకాల మీదే. అందుకే ఆలస్యమయ్యేకొద్దీ అదే మందు, అదే మోతాదులో ఇచ్చినా పట్టు తప్పుతుంది. ఇలాంటి ఫిట్స్ 5 నిమిషాలు దాటితే ఇక ఎదురుచూడకుండా మందు ఇవ్వాలన్నది ఈనాటి నియమం. పక్కనున్న ఇంటివాళ్లకు ఒక్క నిమిషమే పది నిమిషాలుగా తోస్తుంది, కాబట్టి అంచనాలు పనికిరావు. ఈలోగా వేలు గుచ్చి షుగర్ కూడా చూస్తారు. షుగర్ పడిపోయి వచ్చిన ఫిట్స్‌కు గ్లూకోజే మందు.

టైము చూస్తూనే నర్సు చేతులు పని చేస్తుంటాయి. మంచం రెయిలింగ్ పైకెత్తి, తల కింద మెత్తనిది పెట్టి, మెడ దగ్గర బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేసి, వీలైన వెంటనే రోగిని ఒక పక్కకు తిప్పుతుంది. నోట్లోని నురగ, వాంతి గొంతులోకి పోకుండా బయటికి కారిపోవాలి. నోట్లోని ద్రవాన్ని పీల్చేసే సక్షన్ పరికరం, ఆక్సిజన్ అందుబాటులో ఉండాలి. కొట్టుకుంటున్న చేతిని బలంగా అదిమితే భుజం కీలు తప్పవచ్చు, ఎముక విరగవచ్చు.

నోట్లో మాత్రం ఏదీ పెట్టకూడదు. రోగి నాలుకను మింగేస్తాడనో, కొరుక్కుంటాడనో భయపడి ఒకప్పుడు ఆస్పత్రుల్లోనే గుడ్డ చుట్టిన చెక్కబద్దను మంచం పక్కన సిద్ధంగా ఉంచేవారు. నాలుకను మింగేయడం అసలు జరిగే పని కాదు. నాలుక కొరుక్కుంటే ఆ గాయం మానిపోతుంది. బద్ద వల్ల విరిగిన పన్ను ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇప్పటికీ చూస్తున్నాం. ఎలాగూ ఆగిపోయే ఫిట్స్ ఆగితే, ఆ పేరు తాళాలకు దక్కుతోంది. మా ఇళ్లలో ఈ నమ్మకం పోవాలని నాకు గట్టిగా ఉంది.

డాక్టరు వచ్చేసరికి ఫిట్స్ అయిపోయి ఉంటాయి. కాబట్టి నర్సు చూసి రాసినదే ఆధారం: ముందు ఏ చెయ్యి కొట్టుకుంది, తల, కళ్లు ఎటు తిరిగాయి, కళ్లు తెరిచి ఉన్నాయా, పిలిస్తే పలికాడా. ఇంట్లో జరిగితే, ఒకరు రోగిని చూసుకుంటుండగా ఇంకొకరు ఫోన్లో వీడియో తీసినా అంతే ఉపయోగం.

ఆగిన తర్వాత రోగి మత్తుగా, అయోమయంగా ఉంటాడు, లేచి వెళ్లిపోబోతాడు. పట్టి ఆపితే ఎదురు తిరగవచ్చు. పక్కనే ఉండి, పేరు పెట్టి పిలుస్తూ, ఎక్కడున్నాడో మెల్లగా చెప్పాలి. ఒక్కోసారి ఒక చెయ్యీ కాలూ కొన్ని గంటలపాటు చచ్చుబడతాయి. అది పక్షవాతమో కాదో డాక్టరే తేల్చాలి గనుక వెంటనే చెప్పాలి. పూర్తిగా తెలివి వచ్చి, బాగా మింగగలిగేదాకా నీళ్లూ మాత్రలూ ఇవ్వరు.