చీము నిండా ఉంది, కల్చర్‌లో మాత్రం ‘నో గ్రోత్’

మా బావమరిదికి కింది దవడలో పిప్పి పన్ను ఒకటి చాలా రోజులుగా ఉంది. నొప్పి లేచినప్పుడల్లా లవంగం పెట్టుకుని, మందుల షాపులో ఏదో యాంటీబయాటిక్ తెచ్చి మింగి నెట్టుకొచ్చాడు. పోయిన వేసవిలో ఒక రాత్రి గడ్డం కింద వాచింది, తెల్లారేసరికి నోట్లో రెండు వేళ్ళు పట్టడం లేదు, ఉమ్ము మింగలేక తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రిలో కోసి చీము తీశారు, ఆ కుళ్ళు వాసన బయట వరండా దాకా వచ్చింది. మూడో రోజు కల్చర్ (చీములోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో రెండే మాటలు: నో గ్రోత్, అంటే ఏమీ పెరగలేదని. అంత చీములో ఏ క్రిమీ లేదంటే ఎలా నమ్మాలి?

ఈ జబ్బును 1836లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు వివరంగా రాశాడు. గడ్డం కింద చెక్కలా గట్టిపడే వాపు, పైకి లేచిపోయే నాలుక, చివరికి ఊపిరాడకపోవడం. ఇప్పటికీ లుడ్విగ్స్ ఆంజైనా అనే అంటారు, గుండె ఆంజైనాకూ దీనికీ సంబంధం లేదు. కింది దవడలో వెనక పళ్ళ వేళ్ళ కొసలు నోటి అడుగున ఉన్న కండరం కన్నా కిందికి దిగి ఉంటాయి కాబట్టి అక్కడి చీము నోట్లోకి రాకుండా మెడలోకి జారుతుంది. యాంటీబయాటిక్స్ రాకముందు ఇది వచ్చినవాళ్ళలో సగం మందికి పైగా చనిపోయేవాళ్ళు. గడ్డం కింద వాచి నోరు తెరుచుకోకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే వెళ్ళండి.

చీములో ఏముందో లుడ్విగ్ కాలంలో ఎవరికీ తెలియదు. 1880 ప్రాంతంలో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోంచి చీము తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గుండ్రటి క్రిములు గొలుసులుగా, గుత్తులుగా కనిపించాయి. ఇంటి దగ్గరే చిన్న ల్యాబ్ పెట్టుకుని వాటిని కోడిగుడ్లలో పెంచాడు. ద్రాక్షగుత్తిలా ఉన్నదానికి స్టాఫైలోకాకస్ అని పేరు పెట్టింది ఆయనే. అయితే వేడీ నొప్పీ లేకుండా నెమ్మదిగా పెరిగే గడ్డల్లో ఆయనకు ఏమీ దొరకలేదు. వాటిలో చాలావాటికి కారణం టీబీ, ఆ క్రిమిని రంగు పట్టించి చూపే పద్ధతి 1882లో కోచ్ చెప్పేదాకా లేదు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు అన్నమాట.

నోటి క్రిములతో ఇంకో చిక్కుంది. వాటిలో చాలావాటికి గాలి పడదు, ఆక్సిజన్ తగిలితే చస్తాయి. గాలి లేకుండా బతికే జీవులున్నాయని పాశ్చర్ 1861లోనే చెప్పాడు. 1890లలో పారిస్‌లో వెయ్యాన్ అనే శాస్త్రవేత్త కుళ్ళు వాసన వచ్చే చీముల్లోంచి అలాంటివాటిని వేరు చేశాడు. ఆ వాసన వాటి గుర్తే. 1936లో లెమియెర్ అనే ఫ్రెంచ్ వైద్యుడు గొంతు నొప్పితో మొదలై మెడ రక్తనాళం గడ్డకట్టి ఒళ్ళంతా విషమయ్యే 20 కేసులు రాశాడు, వాళ్ళలో 18 మంది చనిపోయారు. దానికి మూలం ఫ్యూసోబాక్టీరియం అనే క్రిమి, అదీ గాలి పడనిదే. తర్వాత పెన్సిలిన్ వచ్చి ఆ జబ్బు ఎంత తగ్గిందంటే డాక్టర్లే దాన్ని ‘మరిచిపోయిన జబ్బు’ అన్నారు.

నాకు బాగా నచ్చింది 1962 నాటి సంగతి. మన ఇళ్ళల్లో విరేచనాల బిళ్ళగా తెలిసిన ఫ్లాజిల్, అంటే మెట్రోనిడజోల్, అప్పట్లో ఆడవాళ్ళకు వచ్చే ట్రైకోమొనాస్ ఇన్ఫెక్షన్‌కు కొత్త మందు. అది వాడిన ఒకావిడకు పుండ్లు పడిన చిగుళ్ళు కూడా మానిపోయాయి. షిన్ అనే డాక్టరు ఆ మాట కొట్టిపారేయకుండా మరికొందరిలో చూసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. గాలి పడని క్రిములపై ఈ మందు అంత బాగా పనిచేస్తుందని అలా బయటపడింది. పంటి డాక్టరు ఈ బిళ్ళ రాస్తే తికమకపడకండి. గొలుసులుగా ఉండే స్ట్రెప్టోకాకస్ క్రిములను ఇది చంపదు, అందుకే పక్కన అమాక్సిసిలిన్ లాంటిది ఉంటుంది.

1960ల చివర నుంచి గాలి లేని జాడీలు మామూలు ల్యాబుల్లోకి వచ్చాక లెక్క మారింది. ఒక్క చీము చుక్కలో ఒకటి కాదు, నాలుగైదు రకాలు కలిసి ఉంటున్నాయని తేలింది. షుగర్ ఉన్నవాళ్ళ మెడ గడ్డల్లో క్లెబ్సియెల్లా అనే క్రిమి ఎక్కువని తైవాన్ డాక్టర్లు చూపించారు, ఇంటింటా షుగర్ ఉన్న మనకు ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఇప్పుడైతే పెంచకుండానే జన్యు పరీక్షతో క్రిమి పేరు చెప్పొచ్చు, కానీ అన్నిచోట్లా అది లేదు.

చీమును ల్యాబ్‌కు పంపడానికి చాలాచోట్ల ఇంకా దూదిపుల్లే. చీమును సిరంజిలోకి లాగి, గాలి బుడగ బయటికి తోసి, మూత పెట్టి వెంటనే పంపితే ఈ క్రిములు బతుకుతాయి, దూదిపుల్లకు అంటించి రాత్రంతా వదిలేస్తే ల్యాబ్‌కు చేరేసరికే చస్తాయి. పైగా మావాడు అప్పటికే నాలుగు రోజులుగా మాత్రలు మింగుతున్నాడు.

ఇదంతా చదివాక రిపోర్టు మళ్ళీ తీశాను. ‘నో గ్రోత్’కు పైన చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది, ఆ రోజు మేమెవరం చూడలేదు. 1884లో బెర్లిన్‌లో గ్రామ్ అనే వైద్యుడు కనిపెట్టిన రంగు పరీక్ష ఫలితం అది: చీము కణాలు విస్తారంగా, గొలుసులుగా గ్రామ్ పాజిటివ్ కాకై (ఆ రంగు నిలుపుకున్న గుండ్రటి క్రిములు), సన్నటి గ్రామ్ నెగటివ్ బాసిల్లై (నిలుపుకోని కడ్డీల్లాంటి క్రిములు).