బూట్ల గురించి దిగులు పడుతున్న పిల్లలకు

చిరంజీవులైన మనవలకు,

పర్లాకిమిడి నుంచి మీ తాత ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. మీ టోర్నమెంటు సంగతి అమ్మ ఫోన్లో చెప్పింది. ఫైనల్లో మీకు ఎదురుపడే బడి పిల్లలందరికీ బూట్లున్నాయట, మీలో సగం మందికి లేవట. అందుకని ఆడకముందే ఓడినట్టు మొహాలు వేలాడేసుకున్నారట. మీకు బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు కదా, నా గొలుసుకట్టు రాత కష్టమే. కూడబలుక్కునైనా చదవండి. 1911 జూలై 29న కలకత్తాలో జరిగిన ఫైనల్ గురించి చెప్తాను.

అప్పటికి ఒడిశా అని వేరే రాష్ట్రం లేదు. మీ బరంపురం, మా పర్లాకిమిడి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేవి. 1936లో గాని ఒడిశాలోకి రాలేదు. దేశానికి రాజధాని కలకత్తా. అక్కడి పెద్ద ఫుట్‌బాల్ పోటీ ఐఎఫ్‌ఏ (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డ్, 1893లో మొదలైంది. పద్దెనిమిదేళ్లలో ఒక్క భారతీయ జట్టుకూ అది దక్కలేదు. గెలిచినవి ఎక్కువగా తెల్ల సోల్జర్ల పటాలాలే. గోర్డన్ హైలాండర్స్ అనే పటాలమైతే 1908 నుంచి వరసగా మూడేళ్లు ఎత్తుకుపోయింది. వాళ్లకి తిండి, కసరత్తు, మైదానం, బూట్లు అన్నీ సర్కారువే.

1911 ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌కి ఎదురుగా దిగింది మోహన్ బగాన్ అనే కలకత్తా భారతీయుల క్లబ్బు. పదకొండు మందిలో పదిమందివి వట్టికాళ్లు. బ్యాక్, అంటే వెనక కాపు కాసే చోట ఆడిన సుధీర్ ఛటర్జీ ఒక్కడే బూట్లు వేసుకున్నాడు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ పదకొండో ఆటగాడి కాళ్లు చూడకుండానే "అందరూ వట్టికాళ్లే" అనేస్తారు.

మైదానం చుట్టూ వేలకొద్దీ జనం. కలకత్తా బయటి ఊళ్ల నుంచి కూడా రైళ్లలో, స్టీమర్లలో వచ్చారు. చెట్లెక్కినవాళ్లు ఎక్కారు. వెనకబడ్డవాళ్లకి బంతి కనబడదు కాబట్టి స్కోరు రాసిన గాలిపటాలు ఎగరేశారు. అవి చూసి దూరాన ఉన్నవాళ్లు ఆట ఎలా సాగుతోందో తెలుసుకున్నారు. ఈ సంగతి నాకు మహా ఇష్టం.

మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగంలో జాక్సన్ అనే సార్జెంట్ ఫ్రీకిక్‌తో పటాలానికి గోల్ కొట్టాడు. అప్పుడా జనం ఎంత ఉసూరుమని ఉంటారో ఊహించుకోండి. ఆట ముగింపుకొస్తుండగా కెప్టెన్ శివదాస్ భాదురీ స్కోరు సమం చేశాడు. ఆ కాలంలో ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అయిదుగురు ఫార్వర్డులు ఆడేవారు. ఎడమ పక్క ఇద్దరు ఫార్వర్డులూ అన్నదమ్ములే, విజయదాస్, శివదాస్. ఒకరి అడుగు ఒకరికి తెలుసు. చివర్లో శివదాస్ మళ్లీ బంతి తీసుకుని చొరబడి, గోల్ తనే కొట్టే ఆశ పెట్టుకోకుండా మధ్యలో ఉన్న అభిలాష్ ఘోష్‌కి అందించాడు. అభిలాష్ నెట్టేశాడు. 2-1. మీ జట్టులో ఎవరికి వారే గోల్ కొట్టాలని చూస్తారని అమ్మ అన్నది, అందుకే ఈ పాసు సంగతి ఇంత వివరంగా రాశాను.

దీన్ని అద్భుతం అంటే నేనొప్పుకోను. ఆ క్లబ్బు పుట్టింది 1889లో. 1906 నుంచి మూడేళ్లు వరసగా ట్రేడ్స్ కప్పు అనే కలకత్తా పోటీ గెలిచింది. సైన్యంలో పనిచేసిన శైలేన్ బసు అనే కార్యదర్శి ఆటగాళ్లకి పటాలం తరహా కసరత్తు పెట్టాడు. ఆ ఏడాది షీల్డులో కూడా ఊరికే ఫైనల్‌కి రాలేదు. రైఫిల్ బ్రిగేడ్‌ని 1-0తో ఓడించారు. సెమీఫైనల్లో మిడిల్‌సెక్స్ రెజిమెంట్‌తో 1-1 అయితే, మళ్లీ ఆడి 3-0తో గెలిచారు. అంటే ఫైనల్‌కి ముందే రెండు పటాలాలు వాళ్ల చేతిలో మట్టి కరిచాయి. చూసేవాళ్ల కళ్లకి బూట్లు కనబడ్డాయి గాని ఈ లెక్క కనబడలేదు.

ఈ గెలుపుకి భయపడే తెల్లవాళ్లు రాజధానిని ఢిల్లీకి మార్చారని కొందరు చెప్తారు. ఆ డిసెంబరులో ఢిల్లీ దర్బారులో ఆ ప్రకటన వచ్చిన మాట, 1905 నాటి బెంగాల్ విభజన రద్దయిన మాట నిజమే. కానీ ఆ ఆలోచన ఈ ఆటకి ముందే సర్కారు కాగితాల్లోకెక్కింది. ఆట గొప్పదనానికి అంత సాగదీత అక్కర్లేదు. ఇంకోటి, మోహన్ బగాన్ ఆ షీల్డు మళ్లీ గెలిచేసరికి 1947 అయింది.

ఇంత చెప్పి మిమ్మల్ని వట్టికాళ్లతో ఆడమంటాననుకోకండి. వట్టికాలికి బంతి మీద పట్టు ఉంటుంది, చటుక్కున మలుపు తిరగొచ్చు. కానీ నేల తడిసిందా జారిపోతారు, ఎదుటివాడి బూటు పడిందా వేళ్లు నలుగుతాయి. మీ నాన్నకి డబ్బు పంపాను, లేనివాళ్లకి బూట్లు కొనిపించండి. ఫైనల్ నాడే కొత్తవి తొడక్కండి, కరుస్తాయి. వారం రోజులు వేసుకుని తిరగండి.

అన్నట్టు, ఆ మోహన్ బగానే తర్వాత్తర్వాత దేశంలో పెద్ద జట్టయి కూర్చుంది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో దాన్ని ఓడించింది ఎవరనుకున్నారు? హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. వాళ్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులుగా పనిచేసిన మనిషి. అదే ఏడాది నుంచి వాళ్లు రోవర్స్ కప్పు అయిదేళ్లు వరసగా కొట్టారు. ఆ సంగతులు ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాత