అతిపెద్ద ప్రధాన సంఖ్య: అపోహలు – వాస్తవాలు

కోనసీమలో డిగ్రీ విద్యార్థులకు సంఖ్యా సిద్ధాంతం బోధిస్తున్న నన్ను, 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధాన సంఖ్య అని కనుగొన్నప్పటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. ఆ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి.

అపోహ: ఇక దీనిని మించిన ప్రధాన సంఖ్య ఉండదు.

వాస్తవం: అప్పటికి తెలిసినవాటిలో ఇది పెద్దది, అంతే. ప్రధాన సంఖ్యలు అనంతమని యూక్లిడ్ ఏనాడో నిరూపించాడు.

అపోహ: కింది సంఖ్యలన్నిటితో భాగించి చూసే తేల్చి ఉంటారు.

వాస్తవం: వర్గమూలం వరకే భాగించినా చాలు గానీ, ఆ వర్గమూలంలోనే రెండు కోట్లకు పైగా అంకెలుంటాయి కాబట్టి ఆ దారి ఏ కంప్యూటరుకూ సాధ్యం కాదు. అంబాజీపేట వర్తకుడు కురిడీ కొబ్బరికాయను పగలగొట్టకుండానే చెవి దగ్గర ఊపి లోపలి సంగతి చెప్పినట్టు, 2 ఘాతంలోంచి 1 తీసేసిన ఈ రూపంలోని సంఖ్యలను కారణాంకాలు వెతకకుండానే పరీక్షించే లూకాస్–లెమర్ పద్ధతి ఉంది. 4తో మొదలుపెట్టి, దాని వర్గం నుంచి 2 తీసివేసి, పరీక్షించే సంఖ్యతో భాగించగా మిగిలిన శేషంతో మళ్లీ అదే పని చేస్తూ పోవాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు చేశాక శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య, కాకపోతే సంయుక్త సంఖ్య. 2⁵ − 1, అంటే 31 తీసుకోండి: 4 తర్వాత 14 వస్తుంది, 14 వర్గంలోంచి 2 తీస్తే 194, దాని శేషం 8, 8 వర్గంలోంచి 2 తీస్తే 62, శేషం సున్నా. మూడే మెట్లు. కొత్త సంఖ్యకు ఇలాంటి మెట్లు 13,62,79,839 కావాలి. 2⁶⁷ − 1 ప్రధానం కాదని లూకాస్ 1876లోనే చెప్పగలిగినా, 19,37,07,721, ఇంకా 7,61,83,82,57,287 అనే దాని కారణాంకాలను గణితజ్ఞుడు కోల్ 1903లో గానీ చూపలేకపోయాడు. నా దృష్టిలో ఈ విషయం అంకెల లెక్క కంటే ఆశ్చర్యకరమైనది.

అపోహ: ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలు, ఈ రూపంలోని సంఖ్య కూడా ప్రధానమే.

వాస్తవం: అది అవసరమే గానీ సరిపోదు. 2¹¹ − 1 = 2047 = 23 × 89.

అపోహ: బ్యాంకుల రహస్య లావాదేవీలకు ఇది ఉపయోగపడుతుంది.

వాస్తవం: సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో 2048 బిట్ల తాళానికి సుమారు 308 అంకెల ప్రధాన సంఖ్యలు రెండు చాలు, అవి రహస్యంగా ఉండాలి కూడా, లోకమంతటికీ తెలిసిన సంఖ్యతో తాళం వేసి ప్రయోజనం లేదు.

అపోహ: ఇంత పెద్ద సంఖ్య గురించి కాగితం మీద ఏమీ తేల్చలేం.

వాస్తవం: ద్విసంఖ్యామానంలో రాస్తే అందులో అన్నీ ఒకట్లే. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అనే వరుసలో తిరుగుతాయి. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి, 2లోంచి 1 పోగా మన సంఖ్య చివరి అంకె 1. అలాగే 9తో భాగించినప్పుడు 2 ఘాతాల శేషాలు 2, 4, 8, 7, 5, 1గా ఆరేసి మెట్లకు తిరుగుతాయి. ఘాతాంకాన్ని 6తో భాగిస్తే శేషం 5, వరుసలో ఐదోది 5, అందులోంచి 1 తీస్తే 4. ఏ సంఖ్యకైనా, దాని అంకెల మొత్తానికైనా 9తో భాగిస్తే ఒకే శేషం వస్తుంది కనుక, ఆ నాలుగు కోట్ల పైచిలుకు అంకెలను ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోతే వచ్చేది 4.