టెంకాయ కొట్టినట్టు జియోడ్ కొట్టొచ్చా?

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: “ఎగ్జిబిషన్‌లో మా వాడికి జియోడ్ కొనిచ్చాం. లోపల స్ఫటికాలు ఉంటాయన్నారు. మేడ మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే తునాతునకలైంది. స్ఫటికాలన్నీ రాలిపోయాయి. రెండు చిప్పలుగా పగలాలంటే ఏం చెయ్యాలి?”

ఈ పని ఆమె వంటింట్లో రోజూ జరిగేదే. టెంకాయను ఎడమ చేతిలో తిప్పుతూ, దాని నడుము చుట్టూ కత్తి వెనకవైపుతో తడుతూ పోతే ఏదో ఒక దెబ్బకి రెండు చిప్పలుగా విడిపోతుంది. అదే టెంకాయను విసిరి బండకేసి కొడితే ఎన్ని ముక్కలవుతుందో, ఎటు ఎగురుతాయో చెప్పలేం. జియోడ్ అంటే లోపల బోలుగా ఉండి, గోడలకి స్ఫటికాలు అతుక్కుని ఉండే గుండు రాయి. దానిదీ ఇదే లెక్క. బలం కన్నా వరస ముఖ్యం. ఎందుకో కాసేపట్లో చూద్దాం. ముందు ఆ రాయి బోలుదా కాదా తేల్చుకోవాలి.

జియోడ్ పుట్టుక పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. లావా గడ్డకట్టేటప్పుడు గాలి బుడగలు మిగిలిపోతాయి. వాటిలోకి సిలికా కరిగిన నీళ్లు చేరి గోడల మీద ముందు కాల్సెడొనీ (కంటికి ఆననంత సన్నటి స్ఫటికాల సిలికా) పొర, ఆపైన లోపలికి చూసే స్ఫటికాలు పేరుకుంటాయి. మన మార్కెట్లో దొరికేవి ఎక్కువగా మహారాష్ట్ర దక్కన్ బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) నుంచో, మొరాకో నుంచో వచ్చినవి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వీటి కోసం వెతకడం దండగ. గ్రానైట్ పేరుతో అమ్మే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ భూమి లోతుల్లో చల్లారిన శిల. అంత ఒత్తిడిలో వాయువులు బుడగలుగా విడిపోవు, కరిగే ఉంటాయి. సైదాపురం వైపు అభ్రకంతో పాటు బయటపడే పలుగురాయి (క్వార్ట్జ్) జియోడ్‌లోని స్ఫటికాలతో ఒకే పదార్థం, అయినా అది బోలు గుండుగా రాదు. పెన్నాలో దొరికే నున్నటి గుండ్రాళ్లు చాలావరకు క్వార్ట్జైట్. లోపల అంతా రాయే. వాటిని పగలగొట్టి చేతులు నొప్పి పెట్టించుకోకండి.

బోలుతనం కొలవడానికి వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ముందు రాయిని పొడిగా తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చెయ్యండి. రాయికి దారం కట్టి, గిన్నె అడుక్కీ పక్కలకీ తగలకుండా పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. నీళ్లు రాయిని ఎంత బలంతో పైకి నెడతాయో అంతే బలంతో గిన్నె కిందికి నొక్కుకుంటుంది కాబట్టి ఇది కుదురుతుంది. ఆర్కిమెడిస్ సూత్రాన్ని బళ్లో బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క ప్రయోగం చేయిస్తే సరిపోయేది.

ఉదాహరణకి రాయి బరువు 900 గ్రాములు, మునిగితే త్రాసు చూపింది 450. క్వార్ట్జ్ సాంద్రత 2.65. అంటే 900 గ్రాముల క్వార్ట్జ్‌కి కావలసిన చోటు 340 మిల్లీలీటర్లు. మిగిలిన 110 మిల్లీలీటర్లు ఖాళీ. రాయి గుండ్రంగా ఉందనుకుంటే బయటి వ్యాసం 9.5 సెం.మీ., లోపలి బోలు వ్యాసం 5.9 సెం.మీ. గోడ మందం సగటున 1.8 సెం.మీ. కొట్టకముందే ఇంత తెలిసిపోయింది! పైన నల్లటి బసాల్ట్ తొక్క ఉంటే దాని సాంద్రత 2.9 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అసలు ఖాళీ ఈ లెక్క కన్నా కొంచెం ఎక్కువే. ముంచగానే బుడగలు వస్తుంటే నీళ్లు లోపలికి పోతున్నాయన్నమాట. తొలి రెండు మూడు సెకన్ల అంకెనే తీసుకోండి. లెక్కలో ఖాళీ సున్నాకి దగ్గరగా వస్తే అది గట్టి గుండు. దాన్ని పగలగొట్టకుండా రంపంతో పలకలుగా కోయించుకోండి, లోపలి అగేట్ (పొరలు పొరలుగా పేరుకున్న కాల్సెడొనీ) వలయాలు అందంగా ఉంటాయి.

ఇక అసలు సంగతి. రాయి నొక్కుడుకి ఓర్చుకుంటుంది, లాగుడుకి ఓర్చుకోదు. లాగితే తెగడానికి కావలసిన బలం నొక్కితే నలగడానికి కావలసినదాంట్లో ఇంచుమించు పదో వంతే. కాబట్టి రాయి పగిలిన ప్రతిచోటా ఏదో ఒక మూల లాగుడు పుట్టిందని అర్థం. ఆ లాగుడు ఎక్కడ పుట్టాలో మనం నిర్ణయిస్తామా, రాయి నిర్ణయిస్తుందా అన్నదే తేడా.

సుత్తి మొహం వెడల్పు. అది తగిలిన చోట బోలు గోడ కంటికి ఆననంతగా లోపలికి వంగుతుంది. వంగిన గోడకి బయటి ముఖం నొక్కుకుపోతుంది, లోపలి ముఖం సాగుతుంది. అంటే పగులు మొదలయ్యేది లోపల, సరిగ్గా స్ఫటికాలు నిలబడ్డ చోట. అక్కణ్ణుంచి నాలుగైదు దిక్కులకి చీలుతూ పైకి వస్తుంది. ఆ పాఠకురాలి జియోడ్‌లో స్ఫటికాలన్నీ రాలడానికి కారణం ఇదే. ఉలి సంగతి వేరు. సన్నటి అంచు కింద చిటికెడు రాయి నలిగి పొడవుతుంది. ఆ పొడి ఇరుక్కుని రెండు పక్కలకీ నెడుతుంది. లాగుడు బయటి ముఖం దగ్గరే, ఉలి అంచుకి అడ్డంగా పుడుతుంది. పగులు బయటి నుంచి లోపలికి, అంచు చూపించిన దారిలో దిగుతుంది.

ఒక్క దెబ్బకి అది ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా దిగకపోవచ్చు. ఫరవాలేదు. 1921లో బ్రిటిష్ ఇంజనీరు ఎ.ఎ. గ్రిఫిత్ గాజు మీద ప్రయోగాలు చేసి చెప్పిందేమిటంటే, పగులు ముందుకి పాకడానికి కావలసిన ఒత్తిడి దాని పొడవు వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. పగులు నాలుగింతలు లోతైతే సగం ఒత్తిడి చాలు. నడుము చుట్టూ ఒక వరస తట్టి, మళ్లీ అదే గీత మీద రెండో వరస తడుతున్నప్పుడు మన చేతి బలం అదే, రాయి ఓర్పు మాత్రం తగ్గుతూ వస్తుంది. వరస పూర్తి కాకుండా ఒకే చోట బాదితే ఆ ఒక్క పగులు పొడవై, తనకి నచ్చిన దారిన పోతుంది. టెంకాయను తిప్పుతూ కొట్టడంలో ఉన్న మర్మం ఇదే. టెంకాయకి ఉన్న సుఖం జియోడ్‌కి లేదు. చిప్ప మందం అన్ని వైపులా ఇంచుమించు ఒకటే, జియోడ్ గోడ ఒక వైపు సెంటీమీటరు, ఇంకో వైపు మూడు ఉండొచ్చు. పలచటి వైపు ముందే తెరుచుకుని గీత తప్పుతుంది.

మార్కాపురం పలక రాయిలో ఖనిజాలు ఒకే వాలులో పడుకుని ఉంటాయి కాబట్టి ఉలి ఆనిస్తే పొరలుగా విడిపోతుంది. జియోడ్‌లో అలాంటి సహజమైన దారి లేదు, మనమే వెయ్యాలి. చీమకుర్తి క్వారీల్లో వరసగా రంధ్రాలు తొలవడం కూడా ఇందుకే.

ఉలి పద్ధతి ఇది. ప్లాస్టిక్ బేసిన్‌లో కొద్దిగా తడిపిన ఇసుక గట్టిగా దట్టించి, రాయిని సగం కూర్చోబెట్టండి. పొడి ఇసుక దెబ్బని మింగేస్తుంది, ఉత్త సిమెంటు గచ్చు అయితే రాయి కింద ఆనిన చోటే పగులుతుంది. స్కెచ్ పెన్నుతో నడుము చుట్టూ గీత గీయండి. కోలగా ఉన్న రాయికి పొట్టి చుట్టుకొలత వైపు గీస్తే పగలాల్సిన దూరం తక్కువ. అంగుళం వెడల్పు ఉలి, అరకిలో సుత్తి చాలు. ఉలిని గీత మీద నిటారుగా పెట్టి చిన్నగా తట్టండి, అర సెంటీమీటరు జరపండి, మళ్లీ తట్టండి. చుట్టూ తిరిగి రావాలి. ఉలి పక్కకి వాలితే పెచ్చు లేస్తుంది. ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ 7, మామూలు ఉక్కు అంతకన్నా మెత్తన. అందుకే గాడి పడలేదని బలం పెంచకండి. మనకి కావలసింది గాడి కాదు, వెంట్రుకవాసి పగుళ్ల వరస. చెవి పెట్టి వినండి. మొదట్లో ఖంగుమనే రాయి మూడో నాలుగో చుట్టుకి బొంగురుపోతుంది. పగులు లోపలికి చేరిందన్నమాట. అక్కడి నుంచి సగం బలమే వాడాలి.

కాస్ట్ ఐరన్ పైపులు కోసే చైన్ కట్టర్ దొరికితే పని ఇంకా శుభ్రం. గొలుసు లింకుల మధ్య చిన్న ఉక్కు చక్రాలు ఉంటాయి. గొలుసుని రాయి నడుముకి చుట్టి బిగిస్తే అన్ని చక్రాలూ ఒకేసారి దిగుతాయి, చుట్టూ తట్టే పని ఒక్క బిగింపుతో అయిపోతుంది. గొలుసులో లాగుడు టి, రాయి అక్కడ తిరిగే వంపు వ్యాసార్ధం ఆర్ అయితే, మిల్లీమీటరుకి పడే నొక్కుడు టి భాగించు ఆర్. గొలుసులో 2,000 న్యూటన్లు, వ్యాసార్ధం 50 మి.మీ. అయితే మిల్లీమీటరుకి 40 న్యూటన్లు. వంపు ఎక్కువున్న మూలల్లో ఆర్ చిన్నది కాబట్టి అక్కడ నొక్కుడు ఎక్కువ, పగులు అక్కడే మొదలవుతుంది. చదునైన వైపు చక్రాలు ఊరికే ఆనుకుంటాయి. గుంటగా ఉన్న చోట అసలు ఆనవు. గుండ్రటి రాయి చక్కగా పగలడం, గతుకుల రాయి ఒక మూల ఊడిరావడం ఈ లెక్క వల్లే. అన్ని చక్రాలూ తగిలే గీత దొరికేదాకా రాయిని తిప్పి చూసుకోండి. బిగించేముందు గోనెసంచి కప్పండి, తెరుచుకునే క్షణంలో పెచ్చులు ఎగురుతాయి.

మార్బుల్ కట్టర్‌తో ఇంట్లో కోయొద్దని నా సలహా. 110 మి.మీ. బ్లేడు మూడు సెంటీమీటర్లకి పైగా దిగుతుంది, మన 1.8 సెం.మీ. గోడకి సరిపోతుంది, నిజమే. అయితే దాని అడుగు పలక చదునైన బండ మీద ఆనడానికి చేసింది. గుండు మీద ఊగుతుంది, బ్లేడు ఇరుక్కుంటుంది, మిషన్ ఎగిరి మీదికొస్తుంది. పైగా కరెంటు, నీళ్లు ఒకేచోట. నీళ్లు లేకుండా కోస్తే లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి ఇక బయటికి రాదు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో బలపాల కార్మికులను పొట్టనపెట్టుకున్న సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఈ దుమ్ము వల్ల వచ్చేదే. ప్రకాశం జిల్లాలో ఉండి ఈ తిప్పలెందుకు? గ్రానైట్ కోసే చోట నీళ్లు పోసే పెద్ద రంపం ఉంటుంది. రాయిని ప్లాస్టిక్ డబ్బాలో సగం దాకా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో నిలబెట్టి ఆరాక తీసుకెళ్తే కదలదు. రెండుగా కోయించుకోవచ్చు, లేదా చుట్టూ 8 మి.మీ. గాడి మాత్రం పెట్టించుకుని ఇంటికొచ్చి ఉలితో తడితే సహజంగా పగిలిన అంచు మిగులుతుంది.

కొందరు రాయిని పొయ్యి మీద కాల్చి నీళ్లు చల్లమంటారు. లోపల చిక్కుకున్న నీళ్లు ఆవిరై రాయి పేలుతుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ నిర్మాణమే మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. అంతకన్నా ముందే అమెథిస్ట్ అనే ఊదా క్వార్ట్జ్ తన రంగు పోయి పసుపుపచ్చ తిరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం ప్రమాదం కాదు గానీ ఫలితం ఉండదు. నీళ్లు గడ్డకట్టి 9 శాతం ఉబ్బినా, ఆ ఉబ్బు సగం ఖాళీగా ఉన్న బోలులోకే పోతుంది. వాస్తు దోషం పోతుందని అమెథిస్ట్ జియోడ్‌కి రెట్టింపు ధర పెట్టేవాళ్లకి ఏం చెప్పినా ఎక్కదు. కనీసం ముదురు గులాబీ, నీలం రంగులు చాలావరకు అద్దినవని తెలుసుకుంటే చాలు.

ఏ పద్ధతైనా కళ్లకి రక్షణ అద్దాలు (సేఫ్టీ గాగుల్స్) తప్పనిసరి, కాళ్లకి బూట్లు ఉండాలి. పగిలిన పెచ్చు బ్లేడులా కోస్తుంది.

తెరిచాక కడిగేముందు రాలిన ముక్క ఒకదాని మీద వెనిగర్ చుక్క వెయ్యండి. పొంగితే లోపల కాల్సైట్ అనే సున్నపు ఖనిజం ఉంది, దాన్ని ఏ ఆమ్లానికీ చూపించొద్దు. తెల్లటి పట్టులాంటి స్టిల్బైట్ అనే ఖనిజం ఉన్నా అంతే, వేడి నీళ్లు కూడా వద్దు. ఉత్త క్వార్ట్జ్ అయితే మామూలు నీళ్లు, పాత్రలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్ సరిపోతాయి. తుప్పురంగు మరక వదలకపోతే ఆక్సాలిక్ ఆమ్లం పలచగా కలిపి ఒక రోజు నానబెడతారు. అది విషం కాబట్టి వంట గిన్నెలు వాడకుండా, చేతికి రబ్బరు తొడుగులతో, పిల్లలకి అందని చోట చెయ్యాలి. మూలన ఊడిన ముక్కని పారెయ్యకండి. రెండు ముఖాలూ ఆరాక ఎపాక్సీ జిగురు పలచగా రాసి, ఆ చిప్పనే ఇసుకలో వాలుగా నిలబెట్టి రాత్రంతా వదిలేస్తే అతుకు కనపడదు.