“బిళ్ళలు వేసుకుంటూనే ఉన్నాగా!” – ఏఎండీ మాత్రలపై అపోహలు, వాస్తవాలు

“రోజూ బిళ్ళ వేసుకుంటూనే ఉన్నాను కదా డాక్టరుగారూ, మరి చూపెందుకు తగ్గింది?” రెటీనా (కంటి వెనక తెర) ఓపీలో ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేది ఏఎండీ ఉన్నవాళ్ళు, అంటే వయసుతో పాటు రెటీనా మధ్యభాగం దెబ్బతిని చూపు తగ్గేవాళ్ళు. నిన్న మళ్ళీ విన్నాను.

అపోహ: ఏఎండీకి విటమిన్ మాత్రలే మందు, అవి వాడుతుంటే ఇక కంటికి ఢోకా లేదు.

వాస్తవం: మాత్ర పోయిన చూపు తేదు, జబ్బును నయం చేయదు. ముదిరే అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. 2001లో ఫలితాలు వెలువడిన ఏరెడ్స్ (AREDS) అనే, ఈ మాత్రల్ని పరీక్షించిన అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్నవాళ్ళలో మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న ప్రతి 100 మందిలో సుమారు 28 మందికి ఐదేళ్ళలో జబ్బు ముదిరింది. యాంటీఆక్సిడెంట్లు, జింక్ కలిపి వాడినవాళ్ళలో 20 మందికి. ఆ తేడా చిన్నదేం కాదు, అందుకే నేనూ రాస్తాను. కానీ ఆ 20 మందీ బిళ్ళలు వేసుకున్నవాళ్ళే, అది మరిచిపోకండి.

నిన్న వచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. మాత్రల అట్ట వెనక తేదీలు వేసుకొచ్చారు, ఒక్కరోజూ తప్పలేదు. సుడోకు గళ్ళు మధ్యలో కుంగినట్టు కనబడటం మొదలై రెండు నెలలైందట. “బిళ్ళ పని చేయడానికి టైం పడుతుందేమోనని ఆగాను” అన్నారు. ఓసీటీ (రెటీనా పొరల్ని చూపే స్కాన్) తీస్తే రెటీనా కింద నీరు. నీరు చేరని పొడి రకం ఏఎండీ కాస్తా, రక్తనాళాలు కారే తడి రకమైంది. నాకు కోపమొచ్చింది, ఆయన మీద కాదు, “ఇవి వాడండి, ఇంక భయం లేదు” అని ఎవరో చెప్పి పంపిన మాట మీద.

తడి రకానికి కావలసింది కంట్లో ఇంజెక్షన్. కొత్తగా మొలిచిన రక్తనాళాల్లోంచి కారేదాన్ని అదుపు చేసేది అదే, బిళ్ళ కాదు. కంట్లో సూది అంటే ఎవరికైనా గుండె జారుతుంది. మొద్దుబార్చాకే వేస్తాం, “అప్పుడే అయిపోయిందా?” అనేవాళ్ళే ఎక్కువ. ఆలస్యమై అక్కడ మచ్చ కట్టిందా, ఇక ఇంజెక్షనూ పెద్దగా చేయగలిగింది ఉండదు. గీతలు వంకరగా కనబడితే నెలలు కాదు, రోజుల్లో రావాలి.

“ఇంట్లో ఒకరికి వచ్చింది, నేనూ ముందే మొదలుపెడతా” అనేవాళ్ళు ఇంకొందరు. మా పెద్దమ్మకి ఏఎండీ అని తేలిన వారమే మా అన్నయ్య తనకీ వదినకీ డబ్బాలు తెచ్చేశాడు. భయం అలాంటిది, తిట్టలేకపోయాను. జబ్బు లేని కళ్ళకీ తొలి దశకీ ఈ మాత్రల వల్ల లాభం కనబడలేదు. మధ్య దశలో ఉన్నవాళ్ళకీ, ఒక కంట్లో ముదిరినవాళ్ళకీ మాత్రమే ఇవి. సిగరెట్ మానేయరా, అదే నీ కంటికి మందు అన్నాను. వింటాడా!

సిగరెట్ అంటే గుర్తొచ్చింది. పాత ఫార్ములాలో బీటాకెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఉండేది. పొగతాగేవాళ్ళకీ, మానేసినవాళ్ళకీ కూడా దానివల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. 2013లో వచ్చిన ఏరెడ్స్-2 (అదే వరసలో రెండో అధ్యయనం) ఫలితాల తర్వాత బీటాకెరోటిన్ బదులు ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు (రెండూ ఆకుకూరల్లో ఉండే రంగు పదార్థాలే) పెట్టారు. డబ్బా మీద చూసి కొనండి.

మామూలు మల్టీవిటమిన్ చాలదా? చాలదు. విటమిన్ సి 500, జింక్ 80 మిల్లీగ్రాములు అందులో ఉండవు, తిండితోనూ రావు. అంత జింక్ పడితే ఒంట్లో రాగి తగ్గుతుంది, అందుకే 2 మిల్లీగ్రాముల రాగి కలుపుతారు. చేపనూనె? ఏరెడ్స్-2లో అదనంగా ఒరిగిందేం లేదు. శుక్లాలు కరుగుతాయా? కరగవు.

మాస్టారికి మొదటి ఇంజెక్షన్ వేశాం. వెళ్తూ వెళ్తూ “మరి ఈ బిళ్ళలు పారేయనా?” అన్నారు.

“వద్దు మాస్టారూ, రెండో కన్నుంది కదా” అన్నాను. ఆ కంటిది ఇంకా పొడి రకమే. రోజూ అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి తలుపు అంచు నిటారుగా ఉందో లేదో చూడమన్నాను, తర్వాత రెండో కన్ను మూసి. రెండూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. అట్ట తిప్పి, తేదీల పక్కనే అదీ రాసుకున్నారు.