షోలో గుర్రం నడకే ఎందుకు చెడుతుంది?

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచిన తర్వాతే మనలో చాలామందికి డ్రెస్సాజ్ అనే పోటీ ఒకటి ఉందని తెలిసింది. రౌతు గుర్రం చేత రకరకాల నడకలు, కదలికలు చేయిస్తుంటే జడ్జీలు ఒక్కోదానికి మార్కులేసే పోటీ ఇది. అందులో గుర్రం ఉన్నచోటే అడుగులేస్తుంటే కళ్ళప్పగించి చూస్తాం, మామూలుగా నడిచే భాగం వస్తే ఫోన్ వైపు చూపు పోతుంది. జడ్జీలకి అలా కుదరదు. పెద్ద స్థాయి గ్రాండ్ ప్రీ టెస్టులో బాగా సాగి నడిచే ఎక్స్‌టెండెడ్ వాక్‌కి వచ్చిన మార్కుని రెండింతలు చేస్తారు. అక్కడ నడక చెడితే నష్టం కూడా రెండింతలే.

నడకలో నాలుగు కాళ్ళూ విడివిడిగా నేలని తాకుతాయి: ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక, కుడి ముందు. వినడానికి సమానమైన నాలుగు దెబ్బలు. ట్రాట్‌లో (ఎదురెదురు మూలల కాళ్ళు జతగా కదిలే చిన్న పరుగు), క్యాంటర్‌లో (మెల్లటి దౌడు) గుర్రం ఒక క్షణం గాల్లో ఉంటుంది, కాబట్టి ఆ ఊపుని ఇంకొంచెం పెంచే అవకాశం రౌతుకి దొరుకుతుంది. నడకలో ఎప్పుడూ కనీసం రెండు కాళ్ళు నేల మీదే ఉంటాయి, గాల్లోకి లేవడమే లేదు. అందుకే నా లెక్కలో నడకని బాగుచేయడం అంటే ముప్పావు వంతు దాన్ని అడ్డుకోకుండా ఉండడమే.

అడ్డుకునేది ఎక్కువగా చేతులు. నడిచే గుర్రం ఒక చుట్టు అడుగులు పూర్తిచేసేలోగా తలని రెండుసార్లు ఊపుతుంది, ఆ కదలిక మెడ నుంచి వీపు దాకా పాకుతుంది. రౌతు పగ్గాలు బిగబట్టి చేతుల్ని కదలనివ్వకపోతే మెడ ఆగిపోతుంది, వీపు బిగుసుకుంటుంది, వెనక కాలు వేసే అడుగు చిన్నదవుతుంది. ఇంకా ముదిరితే ఒకే పక్కనున్న ముందు, వెనక కాళ్ళు దాదాపు కలిసి కదలడం మొదలుపెడతాయి, అచ్చం ఒంటె నడకలా. దీన్ని లాటరల్ వాక్ అంటారు, మార్కులు గట్టిగా కోస్తారు. పక్కనుంచి వీడియో తీస్తే సులువుగా పట్టుకోవచ్చు: మంచి నడకలో ఒకే వైపు కాళ్ళు ఒక క్షణం వి ఆకారంలో దగ్గరకొస్తాయి, చెడిన నడకలో సమాంతరంగా ఉండిపోతాయి. (ఐస్‌లాండ్ గుర్రాల్లో చాలావాటికి ఇలా ఒక పక్క కాళ్ళు కలిపి పరిగెత్తడం పుట్టుకతోనే వస్తుంది. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పే దానికి కారణమని 2012లో తేలింది. అది వేరే సంగతి, డ్రెస్సాజ్ గుర్రంలో వస్తే మాత్రం తప్పే.)

మరి బాగుచేయడం ఎలా? మొదట గుర్రాన్ని అరీనా (సాధన చేసే చదునైన మైదానం) నుంచి బయటికి తీసుకెళ్ళండి. ఎగుడుదిగుడు నేల మీద, చిన్న ఎత్తుల మీద, పగ్గాలు వదులుగా పెట్టి చురుగ్గా నడిపిస్తే వీపు దానంతటదే వదులవుతుంది. నేల మీద 80, 90 సెంటీమీటర్ల ఎడంతో కర్రలు పరిచి వాటి మీదుగా నడిపించడం కూడా మంచిదే, గుర్రం సైజుని బట్టి ఎడం సర్దుకోవాలి. కాలితో అడిగేటప్పుడు రెండు మడమలూ ఒకేసారి నొక్కకండి. ఎడమ వెనక కాలు ముందుకు వస్తున్నప్పుడు గుర్రం పొట్ట కుడివైపు ఊగుతుంది, మీ ఎడమ తుంటి కిందికి దిగినట్టు అనిపిస్తుంది, అప్పుడే ఎడమ కాలితో అడగాలి. నేలకి ఆనిన కాలిని ఎంత తొందరపెట్టినా అడుగు పొడవు పెరగదు.

ఇక షో రోజు టెన్షన్. స్వీడన్ పరిశోధకులు 2009లో ఒక సరదా ప్రయోగం ప్రచురించారు: గుర్రాన్ని నడిపిస్తున్నవాళ్ళకి, ఎక్కినవాళ్ళకి ‘ఈసారి దారిలో గుర్రం ముందు గొడుగు తెరుస్తాం’ అని చెప్పారు, కానీ తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగమే కాదు, గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. కాబట్టి నడక భాగం మొదలవగానే రౌతు ఊపిరి వదలడం ఏదో యోగా సలహా కాదు, పోటీలో పనికొచ్చే మెళకువే.

ఎక్కువమంది దెబ్బతినేది నడక మధ్యలో కాదు, చివర్లో, వదిలిన పగ్గాలు మళ్ళీ అందుకునేటప్పుడు. రోజూ పగ్గాలు అందుకోగానే ట్రాట్ అడిగితే గుర్రం ఆ క్రమం బట్టీపట్టేస్తుంది, షోలో మనం అడక్కముందే గంతులు మొదలుపెడుతుంది. ఇంటి దగ్గర పగ్గాలు అందుకోండి, నాలుగడుగులు నడిపించండి, మళ్ళీ వదిలేయండి. ట్రాట్ ఎప్పుడో ఒకసారి, అదీ అరీనాలో రోజుకో చోట అడగండి.